శాలువా కప్పితే సరిపోతుందా?
మాజీ సైనికుల సేవ, మనం పలకవలసిన సాక్ష్యం

(అధ్యయనానికి ముందు చదువుకొనవలసిన భాగాలు: లూకా 7:1-10, లూకా 3:10-14, అపోస్తలుల కార్యములు 10:1-8)



ప్రతి దివ్యబలిపూజలో సత్ప్రసాదం స్వీకరించబోయే ముందు మనమందరం ఒక మాట పలుకుతాం. ప్రభువు మన ఇంట అడుగుపెట్టడానికి మనం పాత్రులం కామని, ఆయన ఒక్క మాట సెలవిస్తే చాలునని ఒప్పుకొంటాం. ఆ మాట మొట్టమొదట ఎవరి నోట వచ్చింది? పేతురు నోట కాదు, యోహాను నోట కాదు. కఫర్నాములో నివసించిన ఒక శతాధిపతి నోట వచ్చింది. ఆయన సైనికుడు. యూదుడు కూడా కాదు. శతాబ్దాలుగా శ్రీసభ ఒక సైనికుని మాటను తన ప్రార్థనగా చేసుకొని, ప్రతిదినం పీఠం ముందు పలుకుతూ ఉంది. ఒక మనిషికి ఇంతకంటే గొప్ప గౌరవం మరొకటి ఉంటుందా?

నవంబరు 11వ తేదీన సైనికుడిగా జీవితం ఆరంభించిన పునీత మార్టిన్ వారి పండుగ వస్తుంది. డిసెంబరు 7వ తేదీన మన దేశంలో సాయుధ దళాల పతాక దినం వస్తుంది. 1949 నుంచి ఈ దినం పాటిస్తున్నారు. జనవరి 14న మాజీ సైనికుల దినం. ఈ దినాలలో మన ఊళ్ళలో సభలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు, ఫోటోలు తీస్తారు. మంచిదే. కానీ దేశం కోసం, తోటివారి కోసం బ్రతుకంతా ధారపోసిన మనిషిని గౌరవించడమంటే ఏమిటి? ఈ వారం ఈ ప్రశ్నను సువిశేషం వెలుగులో అధ్యయనం చేద్దాం.

1. గౌరవం అంటే సాక్ష్యం

పునీత లూకా చెప్పిన వృత్తాంతాన్ని జాగ్రత్తగా చదవండి. శతాధిపతి సేవకుడు జబ్బుపడి చావుబ్రతుకులలో ఉన్నాడు. శతాధిపతి తనంతట తాను ప్రభువు వద్దకు రాలేదు. యూదుల పెద్దలను పంపాడు. ఆ పెద్దలు ప్రభువుతో ఏమని చెప్పారు? ఆయన గొప్ప అధికారి అని చెప్పలేదు. ఎన్ని యుద్ధాలు గెలిచాడో చెప్పలేదు. ఆయన మన జనులను ప్రేమిస్తాడు, మన ప్రార్థనామందిరాన్ని ఆయనే కట్టించాడు అన్నారు. అంటే ఆయన ఏమి చేశాడో వారికి తెలుసు. తెలిసినదానినే చెప్పారు. అది విని ప్రభువు ఆయన ఇంటివైపు నడిచాడు.

పునీత తోమాసు అక్వినాసు గారు గౌరవాన్ని గురించి చెప్పినది ఇదే. ఒకరిలో ఉన్న మంచికి మనం పలికే సాక్ష్యమే గౌరవం అంటారు ఆయన. దేవుడు హృదయాలను ఎరిగినవాడు కనుక ఆయన ముందు మనసులోని సాక్ష్యం చాలు. మనుషులకు మాత్రం మనసులు కనబడవు. అందుచేత మాటతోనో, చేతతోనో, కానుకతోనో ఆ సాక్ష్యం బయటికి కనబడాలి. శాలువా, పూలదండ అలా వచ్చినవే. అవి సాక్ష్యానికి గుర్తులు. సాక్ష్యం లేనిచోట గుర్తుకు అర్థం ఏమిటి? కోర్టులో సాక్షి బోనెక్కి, 'నేనేమీ చూడలేదు, నాకేమీ తెలియదు, అయినా ఈయన మంచివాడు' అంటే న్యాయమూర్తి ఒప్పుకొంటారా? సాక్షికి ముందుగా ఉండవలసినది తెలివిడి. తెలియకుండా చేసే సన్మానం ఉత్త మర్యాద అవుతుంది.

ఈ సంగతి నేను సెమినరీలో తత్త్వశాస్త్రం చదివిన రోజుల్లోనే నేర్చుకొన్నాను. కానీ అర్థమైనది చాలా సంవత్సరాల తరువాత, ఒక మాజీ హవల్దారు వలన.

2. నేను చేసిన పొరపాటు

అప్పట్లో నేను వేరొక విచారణలో ఉండేవాడిని. ఆగస్టు 15న జెండా ఎగురవేసిన తరువాత, ఊరిలో 'మిల్ట్రీ ఆయన' అని అందరూ పిలిచే ఒక పెద్దాయనను పిలిచి శాలువా కప్పాను. ఆయన మన విచారణ విశ్వాసియే. పేరు చదివి, నాలుగు పెద్ద మాటలు చెప్పి, చప్పట్లు కొట్టించి పంపించాను. మరుసటి సంవత్సరం కూడా అదే చేశాను. మూడవ సంవత్సరం ఆయన నవ్వుతూ, ఎవరికీ వినబడకుండా ఇలా అన్నాడు: “సామీ, శాలువాలు బీరువాలో శానా ఉండాయి. ఒకసారి ఇంటికి వచ్చి కూర్చోండి సామీ. నువ్వేం చూసినావు, ఏం చేసినావు అని ఇంతవరకు అడిగినోళ్ళు ఒక్కరూ లేరు.”

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకొంది. ఆ వారమే వెళ్ళి ఆయన వసారాలో కూర్చున్నాను. రెండు గంటలు విన్నాను. మంచుకొండలలో ఆయన చేసిన పని తుపాకి పేల్చడం కాదు. జబ్బుపడినవారిని, గాయపడినవారిని స్ట్రెచర్ మీద మోసుకొని క్రిందికి దించడం. చలికి కాలివ్రేళ్ళు పోగొట్టుకొన్న ఒక స్నేహితునికి అప్పటికీ నెలనెలా ఉత్తరం వ్రాస్తూ ఉన్నాడు. అవన్నీ సరే. నన్ను మరింత ఆశ్చర్యపరచిన సంగతి ఆయన భార్య చెప్పింది. పింఛను తీసుకొని ఊరికి వచ్చినప్పటి నుంచి ఆయన మన ఊరి రోగులను రాయవేలూరు ఆసుపత్రికి తోడుండి తీసుకొని వెళుతున్నాడు. తెల్లవారుజామున మొదటి బస్సు, చీటీ కోసం వరుస, పరీక్షలు, మందులు, రాత్రికి తిరుగు ప్రయాణం. తమిళం రాని ముసలమ్మలకు ఆయనే నోరు, చదువు రానివారికి ఆయనే కండ్లు. మోసే పని ఆయన మానలేదు. స్ట్రెచర్ మాత్రమే మారింది.

నేను ఆ విచారణకు గురువును. మూడు సంవత్సరాలుగా ప్రతి ఆదివారం ఆయనను చూస్తున్నాను. ఈ సంగతి నాకు తెలియదు. నేను కప్పిన శాలువాలు ఏమి తెలిసి కప్పినట్లు?

3. 'నరహత్య చేయవద్దు' అన్న ఆజ్ఞ మాటేమిటి?

ఇక్కడ మన యువకులు కొందరు ఒక ప్రశ్న అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. నరహత్య చేయవద్దని దైవాజ్ఞ ఉండగా ఆయుధం పట్టినవారిని శ్రీసభ ఎలా గౌరవిస్తుంది?

స్నాపక యోహాను వద్దకు సైనికులు కూడా వచ్చి తామేమి చేయవలెనని అడిగారు. ఆయన వారిని ఉద్యోగం విడిచిపెట్టమనలేదు. ఎవరినీ బెదిరించి సొమ్ము గుంజవద్దని, అబద్ధపు నేరాలు మోపవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు. చేతిలో బలం ఉన్నవాడు దానిని స్వార్థానికి వాడుకోకూడదన్నదే ఆ బోధ. అన్యులలో మొదట జ్ఞానస్నానం పొందినవారిలో ఒకడైన కొర్నేలి కూడా శతాధిపతియే. పేదలకు దానధర్మాలు చేసేవాడని గ్రంథం ఆయనకు సాక్ష్యం పలికింది.

రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న ప్రకటించిన, ఆధునిక ప్రపంచంలో శ్రీసభను గురించిన పత్రం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. తమ బాధ్యతను సక్రమంగా నెరవేర్చే సైనికులు ప్రజల భద్రతకు, స్వేచ్ఛకు సేవకులని, శాంతి నిలబడడానికి తోడ్పడేవారని 79వ పేరాలో చెప్పింది. ఆ వెంటనే 80వ పేరాలో, నగరాలకు నగరాలను జనంతో సహా నాశనం చేసే యుద్ధం దేవునికీ మానవునికీ విరోధమైన నేరమని ఖండించింది. ఈ రెంటినీ విడదీయరాదు. సైనికుని గౌరవించడం యుద్ధాన్ని పొగడడం కాదు. ఇతరుల ప్రాణం కోసం తన ప్రాణాన్ని పణంగా పెట్టడానికి సిద్ధపడిన మనసును గౌరవించడం.

4. మన దగ్గరివారు

మన నగరి నుంచి పుత్తూరు మీదుగా వెళ్ళితే తిరుపతి ఎంతో దూరం లేదు. ఆ తిరుపతి వాస్తవ్యులు మేజర్ జనరల్ చిత్తూరు వేణుగోపాల్ గారు. 1971 డిసెంబరులో పాకిస్తానుతో యుద్ధం జరిగినప్పుడు ఆయన లెఫ్టినెంట్ కర్నల్ హోదాలో ఒక గూర్ఖా పటాలానికి నాయకత్వం వహించారు. తూర్పు రంగంలో, నేడు బంగ్లాదేశ్‌గా ఉన్న నేలమీద, దర్శన అనే గట్టి స్థావరాన్ని పట్టుకొన్న పోరులో ఆయన పటాలం ముందు నడిచింది. అందుకు ఆయనకు మహావీర చక్ర లభించింది. యుద్ధకాలంలో చూపిన శౌర్యానికి మన దేశం ఇచ్చే బిరుదులలో అది రెండవది. మన సీమ తెలుగువాడు, నేపాలీ మాట్లాడే కొండప్రాంతపు జవానులను ముందుండి నడిపించి, బెంగాలీ మాట్లాడే ప్రజల విడుదల కోసం పోరాడాడు. భాష, కులం, ఊరు ఏ ఒక్కటీ అడ్డురాలేదు. ఇది మనం ఆలోచించవలసిన విషయం.

ఆ విజయానికి యాభై సంవత్సరాలు నిండే సందర్భంలో 2020 డిసెంబరు 16న ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం వద్ద విజయజ్యోతులను వెలిగించి దేశం నలుమూలలకు పంపారు. అందులో ఒకటి 2021 ఫిబ్రవరిలో తిరుపతికి వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి స్వయంగా వేణుగోపాల్ గారి ఇంటికి వెళ్ళి సన్మానించారు. అప్పటికి ఆయన తొంభై ఏండ్లు దాటిన వృద్ధులు. 2022లో కన్నుమూశారు. ఇందులో నాకు నచ్చినది ఒకటున్నది. గౌరవం వేదిక మీద కూర్చుని ఆయనను పిలిపించుకోలేదు. ఆయన గుమ్మం దాకా నడిచి వెళ్ళింది. ప్రభువు శతాధిపతి ఇంటివైపు నడిచినట్లుగా.

2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జరిగిన హెలికాప్టర్ ప్రమాదంలో జనరల్ బిపిన్ రావత్ గారితోపాటు అప్పటికి మన చిత్తూరు జిల్లాలో ఉన్న కురబలకోట మండలానికి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ ప్రాణాలు విడిచాడు. ఆయన భౌతికకాయం ఊరికి వచ్చిన దినాన జనం దారి పొడుగునా నిలబడి పూలు చల్లారు. ఆ కన్నీళ్ళు నిజమైనవి. కాని నా మనసులో ఒక ప్రశ్న మెదిలింది. ప్రాణం పోయి వచ్చినవానికి ఇంత చేస్తాం. ప్రాణంతో తిరిగి వచ్చినవానికి ఏమి చేస్తున్నాం? పింఛనుదారుడు ఏటా ఒకసారి తాను బ్రతికే ఉన్నానని ప్రభుత్వానికి ధ్రువపత్రం ఇవ్వాలి. చాలామందికి అది నవంబరు నెల. ఆయన బ్రతికి ఉన్నాడా అని ప్రభుత్వమైనా సంవత్సరానికి ఒకసారి అడుగుతుంది. ప్రక్కింట ఉన్న మనం అడుగుతున్నామా?

5. బాంబుల నుంచి పడక ప్రక్కకు

సైనికుడు యూనిఫాం విప్పిన తరువాత కూడా సేవ ఎలా సాగుతుందో చెప్పడానికి, మన దేశంతో సంబంధమున్న మరొక జీవితాన్ని చూద్దాం. ఆయన ఇంగ్లాండుకు చెందిన లియొనార్డ్ చెషైర్. 1917లో పుట్టారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాల పైలట్. నూరు దాడులలో పాల్గొన్న ధైర్యానికి 1944లో బ్రిటిష్ వారి అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ పొందారు. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద అణుబాంబు పడినప్పుడు బ్రిటన్ తరఫున పరిశీలకుడిగా విమానంలో ఉండి కళ్ళారా చూశారు. నాగసాకి జపాను కతోలికులకు పుట్టినిల్లు వంటిది. ఆ బాంబుకు ఉరకామి దేవాలయం, దాని చుట్టూ ఉన్న విశ్వాసులు బూడిదైపోయారు.

యుద్ధం ముగిసింది. ఆయన సైన్యం విడిచిపెట్టారు. తోటి మాజీ సైనికులు కలసి బ్రతకడానికి ఒక సముదాయాన్ని ఏర్పాటు చేశారు; అది నిలువలేదు, అప్పులు మిగిలాయి. 1948లో, క్యాన్సరుతో చనిపోబోతున్న ఒకాయనకు ఎక్కడా చోటు లేదని తెలిసి తన ఇంటికి తెచ్చుకొన్నారు. నర్సు లేదు, డబ్బు లేదు. తానే వంట చేసి, తానే శుభ్రం చేసి, రాత్రులు తానే మేలుకొని ఆయనను చూసుకొన్నారు. ఆ రోగి కతోలికుడు. ఆయన మరణశయ్య ప్రక్కన కూర్చున్న చెషైర్ గారు ఆ సంవత్సరమే క్రిస్మసుకు ముందటి దినాన శ్రీసభలో చేరారు. ఒక్క పడకతో మొదలైన ఆ పని దేశదేశాలలో చెషైర్ హోమ్‌లుగా విస్తరించింది. 1950 దశాబ్ది మధ్యలో ఆయన మన దేశానికి వచ్చి బొంబాయిలో ఒక హోమ్ ప్రారంభించారు. సేవలో తనకు తోడైన స్యూ రైడర్‌ను 1959లో బొంబాయిలోనే వివాహమాడారు. దెహ్రాదూన్‌లో కుష్ఠు, క్షయ రోగుల కోసం, వికలాంగుల కోసం వారిద్దరూ రాఫెల్ అనే ఆశ్రయాన్ని నెలకొల్పారు. చివరి దినాలలో నరాల జబ్బుతో ఆయనే చక్రాల కుర్చీకి పరిమితమై 1992లో ప్రభువునందు నిద్రించారు.

చెషైర్ గారిని ఎలా గౌరవించాలి? పతకాన్ని తుడిచి అద్దాల పెట్టెలో పెట్టవచ్చు. కానీ ఆయన ప్రారంభించిన హోమ్‌లో ఒక రోగికి అన్నం తినిపించేవారు అంతకంటే గట్టిగా సాక్ష్యం పలుకుతారు. సేవ చేసినవానికి తగిన గౌరవం ఆ సేవ ఆగిపోకుండా చూడడమే.

పునీత మార్టిన్ వారి కథలో కూడా ఇదే చూస్తాం. ఆమియెన్స్ నగర ద్వారం వద్ద చలికి వణుకుతున్న బిచ్చగానికి ఆ యువ సైనికుడు తన పై వస్త్రాన్ని కత్తితో రెండుగా కోసి సగం ఇచ్చాడు. ఆ రాత్రి స్వప్నంలో క్రీస్తు ప్రభువు ఆ సగం వస్త్రాన్నే కప్పుకొని కనిపించాడట. 'చాపెల్', 'చాప్లిన్' అనే మాటలు ఆ వస్త్రం పేరు నుంచే పుట్టాయి. సైనికుని వస్త్రం సగం పేదవాని భుజాల మీదికి చేరింది. మనం సైనికునికి కప్పే శాలువా మరి ఎక్కడికి చేరుతోంది?

6. మన విచారణలలో ఏమి చేయవచ్చు?

మొదటిది, వెళ్ళి కూర్చుని వినండి. మన విచారణలో, మన వీధిలో ఉన్న మాజీ సైనికులను, వారి వితంతువులను గుర్తించండి. పతాక దినానికి ముందుగా యువకులు ఇద్దరిద్దరుగా ఇంటింటికి వెళ్ళి వారి మాటలు విని వ్రాసుకోవాలి. విన్నవారే సభలో మాట్లాడాలి. తెలిసినవారే సాక్షులు.

రెండవది, కాగితాల పనిలో తోడుండండి. చిత్తూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. కుటుంబ పింఛను, గుర్తింపు కార్డు, పిల్లల చదువుకు సహాయం వంటి వాటికి అక్కడ దారి చూపుతారు. మాజీ సైనికుల వైద్యానికి 2003లో ప్రారంభమైన ప్రత్యేక ఆరోగ్య పథకం ఉంది. చదువురాని వితంతువులకు ఇవి ఉన్నాయన్న సంగతే తెలియకపోవచ్చు. ఒక దరఖాస్తు నింపి, బస్సెక్కి తోడు వెళ్ళడం నూరు పూలదండలకు సమానం.

మూడవది, యువ మాజీ సైనికులకు చోటివ్వండి. 2022లో తెచ్చిన అగ్నిపథ్ పథకం క్రింద చేరినవారు నాలుగు సంవత్సరాలు పని చేస్తారు. వారిలో నూటికి ఇరవై ఐదు మంది వరకే సైన్యంలో కొనసాగుతారు. అంటే మన ఊళ్ళలో ఇకమీదట 'మాజీ సైనికుడు' అంటే నెరసిన మీసాల తాత మాత్రమే కాదు, ఇరవై రెండు, ఇరవై ఐదు ఏండ్ల పిల్లవాడు కూడా. వానికి శాలువాకంటే పని, ధైర్యం, పదిమందికి ఉపయోగపడే బాధ్యత కావాలి. మన ప్రాంతంలో మరమగ్గాల యజమానులు, పాఠశాలలు నడిపేవారు, విచారణ సంఘాలు దీనిని ఇప్పుడే ఆలోచించాలి.

నాలుగవది, వారి సేవలో ఒక భాగాన్ని మీ చేతులలోనికి తీసుకోండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో చెప్పి ముగిస్తాను.

నేను పైన చెప్పిన హవల్దారు గారు కొన్ని సంవత్సరాల తరువాత ప్రభువులో నిద్రించారు. భూస్థాపన దినాన నేను ప్రసంగం చేశాను. ఈసారి నేను తెలిసి మాట్లాడాను. స్ట్రెచరును గురించి చెప్పాను, ఉత్తరాలను గురించి చెప్పాను, రాయవేలూరు బస్సును గురించి చెప్పాను. జనం కండ్లు తుడుచుకొన్నారు. నా బాధ్యత తీరిందనుకొన్నాను. వారం తిరగకముందే ఒక ముసలమ్మ గురువుల బంగళా మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో ఆసుపత్రి చీటీ. “సామీ, మిల్ట్రీ ఆయన పాయె. ఇంక నన్ను రాయవేలూరికి ఎవురు పిల్చుకోని పోతారు?” అని అడిగింది.

నా ప్రసంగంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆ ఆదివారం పూజ చివర నేను ఆమె ప్రశ్నను ఉన్నదున్నట్లు చదివి వినిపించి ఊరుకొన్నాను. పూజ అయిన తరువాత ఇద్దరు యువకులు వచ్చి నిలబడ్డారు. ఒకడు మగ్గం మీద పని చేసేవాడు, మరొకడు ఆటో నడిపేవాడు. వంతులవారీగా తాము వెళతామన్నారు. ఆ పెద్దాయనకు జరిగిన నిజమైన సన్మానం అది. నేను ఆ విచారణ విడిచి వచ్చేనాటికి కూడా వారు వెళుతూనే ఉన్నారు.

ఆలోచించండి, చర్చించండి

1. మీ వీధిలో ఉన్న ఒక మాజీ సైనికుని పేరు చెప్పగలరా? ఆయన ఎక్కడ, ఏ పని చేశారో మీకు తెలుసా?

2. యూదుల పెద్దలు శతాధిపతిని గురించి చెప్పిన రెండు సంగతులు ఏవి? అలాగే మీ విచారణలో ఒకరిని గురించి మీరు ఏ రెండు సంగతులు సాక్ష్యంగా చెప్పగలరు?

3. సైనికుని గౌరవించడానికి, యుద్ధాన్ని పొగడడానికి తేడా ఏమిటి? పిల్లలకు దీనిని ఎలా వివరిస్తారు?

4. మీ ఊరిలో సేవ చేస్తూ వృద్ధులైనవారి పని రేపు ఆగిపోతే ఎవరు నష్టపోతారు? దానిని అందుకొనడానికి మీ కుటుంబం నుంచి ఎవరు ముందుకు వస్తారు?

ఈ వారపు ప్రార్థన

ప్రభువా, ఒక సైనికుని విశ్వాసాన్ని చూచి ఆశ్చర్యపడిన నీవు, మా మధ్య మౌనంగా సేవ చేసి అలసిన వారిని చూడగల కండ్లు మాకు దయచేయుము. వారిని మాటతో పొగిడి మరచిపోకుండా, వారి భారంలో ఒక కొసను మేము కూడా మోయునట్లు మాకు బలమిమ్ము. యుద్ధాలు ఆగి, అన్ని దేశాల జవానులు క్షేమంగా తమ ఇండ్లు చేరే దినాన్ని త్వరగా చూపించుము. ఆమెన్.